కారు ఇంటికొచ్చింది, రిబేటు ఇంకా దారిలోనే ఉంది

గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి ముందు మొత్తం డబ్బు ఇచ్చేస్తాం. సబ్సిడీ తర్వాత బ్యాంకులో పడుతుంది. పడిందా లేదా అని ఫోన్లో మెసేజీలు వెనక్కి జరుపుకుంటూ వెతుక్కుంటాం. అమెరికాలో ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకు చాలా రాష్ట్రాలు ఇచ్చిన రిబేటు అచ్చం ఈ బాపతే. అంకె మాత్రం పెద్దది, ఎదురుచూపు ఇంకా పెద్దది.

మా బావమరిది 2019 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. బేరం చివర్లో సేల్స్‌మన్ ఓ తెల్లకాగితం తీసి లెక్క వేశాడట. కారు ధర 37,500 డాలర్లు. అందులో ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వపు) క్రెడిట్ 7,500 పోతే, రాష్ట్ర రిబేటు 2,500 పోతే, మిగిలేది 27,500. ఆ చివరి అంకె కింద రెండు గీతలు. మావాడు షోరూం బయటికొచ్చి ఫోన్ చేసి, "ఇరవై ఏడున్నరకి కొట్టేశాను బావా" అన్నాడు.

సంతకం పెట్టిన కాంట్రాక్టులో ఆ 27,500 ఎక్కడా లేదు. లోను లెక్క 37,500 మీద. అమ్మకం పన్ను, వాళ్ల కౌంటీలో (మన జిల్లా లాంటిది) తొమ్మిది శాతం పైనే, అదీ 37,500 మీదే. తగ్గుతుందన్న పది వేలలో ఒక్క డాలరు కూడా ఆ రోజు చేతికి రాలేదు. సేల్స్‌మన్ అబద్ధం చెప్పాడా అంటే, చెప్పలేదు. ఎంత వస్తుందో చెప్పాడు, ఎప్పుడు వస్తుందో చెప్పలేదు. మావాడూ అడగలేదు.

అసలు ఎలక్ట్రిక్ కారు మీద వచ్చే డబ్బంతా ఒకే సంచిలోంచి రాదు. గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఫెడరల్ క్రెడిట్ అనేది ఆదాయపు పన్నులో మినహాయింపు. మరుసటి ఏడాది రిటర్ను వేసేటప్పుడు గానీ దాని మొహం కనిపించేది కాదు. జనవరిలో కారు కొన్నవాడు మరుసటి ఏప్రిల్ దాకా, అంటే 15 నెలలు ఆగాల్సిందే. 2024 జనవరి నుంచి ఆ క్రెడిట్‌ను డీలర్‌కు బదలాయించి షోరూంలోనే ధర తగ్గించుకునే వీలు వచ్చింది. ఆ వెసులుబాటు రెండేళ్లు కూడా నిలవలేదు. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ ఏడాది సెప్టెంబరు 30తో క్రెడిట్‌నే ఎత్తేసింది.

రాష్ట్ర రిబేటు కథ వేరు. దానికి పన్ను రిటర్నుతో పని లేదు. కొన్నాక దరఖాస్తు పెట్టుకుంటే చెక్కు వస్తుంది. వినడానికి ఇదే సులువుగా ఉంటుంది. కానీ పన్ను మినహాయింపు చట్టంలో రాసిన హక్కు. అర్హత ఉన్నవాళ్లు ఎంతమంది అడిగినా ఇవ్వాల్సిందే. రిబేటు మాత్రం ఆ ఏడాది ఆ పథకానికి కేటాయించిన సొమ్ములోంచి తీసి ఇచ్చేది. సొమ్ము ఉన్నంతవరకే. దరఖాస్తు పేజీల్లో "నిధులు అందుబాటులో ఉంటేనే" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఎక్కడో ఉంటుంది. చాలామంది చదవకుండా కిందికి వెళ్లిపోతారు. నిజానికి ఆ పేజీలో మిగతావన్నీ మర్చిపోయినా ఆ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

కాలిఫోర్నియానే తీసుకుందాం, దీని గురించి చెప్పుకోవడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు. అక్కడ 2010లో క్లీన్ వెహికల్ రిబేట్ ప్రాజెక్ట్ మొదలైంది. క్లుప్తంగా సీవీఆర్‌పీ. రాష్ట్ర వాయు వనరుల బోర్డు తరఫున సెంటర్ ఫర్ సస్టెయినబుల్ ఎనర్జీ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడిపింది. పదమూడేళ్లలో 5 లక్షలకు పైగా కార్లకు రిబేట్లు వెళ్లాయి. బ్యాటరీ కారుకు చాలాకాలం 2,500 డాలర్లు ఇచ్చారు.

ఆ డబ్బు ఎక్కడిదంటే, కొద్ది సంవత్సరాలు గడిచాక ఎక్కువ భాగం కార్బన్ వేలంపాట నుంచి వచ్చింది. ఆయిల్ రిఫైనరీలు, విద్యుత్ కంపెనీలు వదిలే పొగకు పర్మిట్లు కొనుక్కోవాలి. రాష్ట్రం మూడు నెలలకోసారి వాటిని వేలం వేస్తుంది. ఆ రాబడి ఒక నిధిలో చేరుతుంది. శాసనసభ ఏటా కూర్చుని అందులోంచి ఎవరికెంతో పంచుతుంది. మనవాడి రిబేటు చెక్కు ఆ గొలుసు చివరి లంకె. పైన ఎక్కడ బిగుసుకున్నా కింద చెక్కు ఆగుతుంది.

2016లో సరిగ్గా అదే జరిగింది. ఆ మే నెల వేలంలో పెట్టిన పర్మిట్లలో పదోవంతుకు అటూఇటూగా మాత్రమే అమ్ముడుపోయాయి. నిధిలోకి రావాల్సింది రాలేదు. జూన్‌లో సీవీఆర్‌పీ దగ్గరున్న డబ్బు అయిపోయి వెయిటింగ్ లిస్టు పెట్టారు. కాలిఫోర్నియా ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. కానీ కార్బన్ నిధిని ఎలా పంచాలో తేలేసరికి ఆగస్టు నెలాఖరు అయింది. చివరికి ఈ పథకానికి 13.3 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ తర్వాతే వరుస కదిలింది. జూన్‌లో కారు కొన్నవాళ్లు తమ కాగితాల్లో తప్పేముందోనని పదేపదే తిరగేసుకుని ఉంటారు. కాగితాలు బాగానే ఉన్నాయి. గల్లాపెట్టె ఖాళీ, అంతే.

ఇక్కడ వెయిటింగ్ లిస్టు అనే మాటను కాస్త జాగ్రత్తగా చూడాలి. రైలు టికెట్ల పుణ్యమా అని మనకు ఆ మాటతో బాగా పరిచయం ఉంది. అందుకే పొరపాటు పడతాం. రైల్లో ఎవరో ఒకరు రద్దు చేసుకుంటే మన బెర్త్ ఖాయమవుతుంది. రిబేటులో ముందున్నవాడు తప్పుకుంటేనో మానేస్తేనో మనకు ఒరిగేదేమీ ఉండదు. ఇంజను వెనక కొత్త పెట్టె తగిలించాలి. తగిలించేది శాసనసభ. తగిలిస్తుందని ఎవరూ రాసివ్వరు. కాలిఫోర్నియాలో 2016లోనూ 2019లోనూ 2021లోనూ తగిలించింది. దాంతో ఎప్పుడూ తగిలిస్తుందనే నమ్మకం జనంలో స్థిరపడింది.

ఆ మూడు వెయిటింగ్ లిస్టులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. వరుస పెరిగిన ప్రతిసారీ, డబ్బుతో పాటు కొత్త నిబంధన కూడా వచ్చింది. 2016 మార్చిలో మొదటిసారి ఆదాయ పరిమితి పెట్టినప్పుడు, కలిసి రిటర్ను వేసే దంపతులకు అది 5 లక్షల డాలర్లు. జూన్‌లో వెయిటింగ్ లిస్టు పడింది. నవంబరుకల్లా ఆ పరిమితి 3 లక్షలకు దిగింది. 2019 జూన్‌లో మళ్లీ వరుస. డిసెంబరులో బ్యాటరీ కారు రిబేటు 2,500 నుంచి 2,000కు తగ్గింది, 60,000 డాలర్లు దాటిన కార్లను పక్కన పెట్టేశారు, మనిషికి రెండు రిబేట్లు ఉండేవి ఒకటికి కుదించారు, కొన్న 18 నెలల్లోపు ఎప్పుడైనా అడగొచ్చన్న వెసులుబాటు 3 నెలలైంది. 2021 ఏప్రిల్‌లో ఇంకోసారి. 2022 ఫిబ్రవరిలో దంపతుల పరిమితి 2 లక్షలకు, మామూలు కార్ల ధర పరిమితి 45,000కు వచ్చాయి. 2023 నవంబరు 8న పథకమే మూతపడింది.

అంటే వెయిటింగ్ లిస్టు పడిందంటే చాలావరకు మొదట్లో అనుకున్నదానికంటే ఎక్కువమంది కార్లు కొంటున్నారని అర్థం. ఒక రకంగా పథకం గెలిచిందని. గెలిచిన పథకానికి డబ్బు చాలదు, చాలనప్పుడు తలుపు సన్నబడుతుంది. అక్కడ స్థిరపడిన మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు ఈ సన్నబడటం బాగా తగిలింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తే, చేతికొచ్చే జీతం ఎంతైనా, కంపెనీ ఇచ్చిన షేర్లు ఆ ఏడాది ఖాతాలో పడితే స్థూల ఆదాయం 2 లక్షలు ఇట్టే దాటేస్తుంది. 2018లో రిబేటు తీసుకున్న ఇంట్లోనే 2022లో రెండో కారుకు "మీరు అర్హులు కారు" అని వచ్చింది. దాన్ని అన్యాయం అని నేను అనను. ఆ ఇంటికి ఆ 2,000 డాలర్లు లేకపోయినా కారు వచ్చేదే.

అసలు ఇబ్బంది రెండో చివర ఉంది. 2,500 డాలర్లు ఆరు నెలలు ఆలస్యమైతే, ఐదు శాతం వడ్డీ వేసుకున్నా నష్టం అరవై డాలర్ల చిల్లర. జీతం బాగా ఉన్నవాడికి అది హోటల్ బిల్లుతో సమానం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా ఇంకా ఎక్కువే ఇచ్చింది, 2023 నాటికి అది 7,500 డాలర్ల దాకా వెళ్లింది. వరుస పడినప్పుడు కూడా వాళ్లను ముందు చూసింది. 2021లో మామూలు దరఖాస్తులు వెయిటింగ్‌లోకి వెళ్లినా వాళ్లవి నడిచాయి. కానీ ఆ 7,500 ఉంటేనే కారు కొనగలిగిన మనిషికి, "ముందు నువ్వు పెట్టుకో, తర్వాత ఇస్తాం" అంటే ఎక్కడి నుంచి తెస్తాడు? ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల చేతే ప్రభుత్వానికి చేబదులు ఇప్పించినట్టు అయింది. అందుకే పాత కారు తుక్కుకు ఇచ్చి కొత్తది తీసుకునే క్లీన్ కార్స్ ఫర్ ఆల్ పథకంలో వరస తిరగేశారు. అక్కడ ముందు మంజూరు, తర్వాత కొనుగోలు.

మరి అందరికీ షోరూంలోనే తగ్గించి ఇవ్వొచ్చు కదా? అదే కాలిఫోర్నియాలో అదీ జరిగింది. 2020 నవంబరులో విద్యుత్ సంస్థల డబ్బుతో క్లీన్ ఫ్యూయల్ రివార్డ్ అని 1,500 డాలర్ల దాకా షోరూంలోనే బిల్లులో తగ్గించారు. ఒకే కారు, ఒకే కొనుగోలుదారు, ఒకే బిల్లు. 1,500 అక్కడికక్కడే పోయింది, 2,000 కోసం దరఖాస్తు. తేడా ఏమిటంటే, ఆ 1,500కి ఆదాయ పరిమితి లేదు. షోరూం గుమస్తా చూడాల్సిందల్లా కారు కొత్తదా, కాలిఫోర్నియాలో రిజిస్టర్ అవుతుందా అనే. ఎప్పుడైతే ఆదాయం, నివాసం, ఇంతకుముందు తీసుకున్నాడా లేదా అన్న ప్రశ్నలు చేరతాయో, అప్పుడు ఆ పని ఆఫీసుకు వెళ్తుంది. నిబంధన ఎంత న్యాయంగా ఉంటే ఫైలు అంత మందంగా ఉంటుంది. ఆ 1,500 కూడా 2022లో సగమై, ఆ ఏడాది సెప్టెంబరు 1న సున్నా అయింది. షోరూంలో ఇచ్చినంత మాత్రాన గల్లాపెట్టె ఖాళీ కాకుండా ఉండదు.

న్యూజెర్సీ ఈ రెండు పద్ధతులనూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. అక్కడ ఛార్జ్ అప్ పథకం 2020లో మొదలైనప్పుడు కొన్నాకే దరఖాస్తు, 5,000 డాలర్ల దాకా. డిసెంబరుకే డబ్బు అయిపోయింది. 2021 జులైలో షోరూంలోనే తగ్గించే పద్ధతిలో మళ్లీ తెరిస్తే, సెప్టెంబరు మధ్యకల్లా ఆ ఏటి కోటా పూర్తి. చేరిన డీలర్లు ముందు తమ జేబులోంచి తగ్గించి, తర్వాత రాష్ట్రం నుంచి రాబట్టుకుంటారు. ఎదురుచూపు మాయం కాలేదు, కౌంటర్‌కు ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకు మారింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎరిగిన తెలుగువాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కాగితం మీద విద్యార్థికి ఫీజు లేదు, ప్రభుత్వం నుంచి కాలేజీకి రావాలి. బకాయి పేరుకుపోయిన ఏడాది ఆ వేడి తిరిగి ఎవరికి తగులుతుందో సర్టిఫికెట్ల కోసం కాలేజీ చుట్టూ తిరిగిన పిల్లలనడిగితే చెబుతారు. కాకపోతే డీలర్‌కు ఒక సదుపాయం ఉంది. గిట్టదనుకుంటే పథకంలో చేరకుండా ఊరుకోవచ్చు.

ఆరెగాన్ ఇంకో దారి పట్టింది. అక్కడ డబ్బు అయిపోవస్తే కొత్తగా కొనేవాళ్లకు తలుపు వేసేస్తారు. 2023 మే 1న అలా వేసేశారు. ఏప్రిల్ 30లోపు కొన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ మర్నాడు కొన్నవాళ్లకు లేదు. మళ్లీ 2024 ఏప్రిల్ 3న తెరిచి జూన్ 3న మూశారు. మధ్యలో దాదాపు పదకొండు నెలల పాటు కొన్నవాళ్లు ఏ వరుసలోనూ లేరు. కఠినంగా అనిపిస్తుంది గానీ, నాకైతే ఇదే నిజాయితీగా తోస్తుంది. వస్తుందో రాదో తెలియకుండా నెలల తరబడి ఆశపెట్టే కన్నా, కొనేముందే "లేదు" అని తెలిస్తే మనిషి తన లెక్క తాను వేసుకుంటాడు.

డబ్బు ఉన్నా చెక్కు ఆగే సందర్భాలూ ఉన్నాయి, వాటిలో మన పేర్లది ప్రత్యేక అధ్యాయం. దరఖాస్తుకు కొనుగోలు కాంట్రాక్టు, కారు రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు లాంటి రుజువులు జతచేయాలి. మూడింటిలో పేరు ఒకటే ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, తాతగారి పేరు, ఇష్టదైవం అన్నీ కలిపి నాలుగు మాటల పేరు. లైసెన్సులో అదే పేరు అటుదిటు అయి ఉంటుంది. సేల్స్‌మన్ రాసుకున్న కాంట్రాక్టులో ఆఫీసులో పిలిచే రెండక్షరాలు. కారు భార్య పేరున రిజిస్టరై, దరఖాస్తు భర్త పెడితే ఇంకో చిక్కు. మా బావమరిది కాగితాల్లో ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట చివర ఉంది. ఇద్దరూ ఒక్కరేనని నిరూపించుకోవడానికి మరో రెండు కాగితాలు పంపాడు. తప్పు తనదే, సంతకం పెట్టేటప్పుడు కాంట్రాక్టులో పేరు చదవలేదు.

చెక్కు వచ్చాక కూడా మాట పూర్తిగా తీరదు. కాలిఫోర్నియా రిబేటు తీసుకున్న కారును 30 నెలలు ఉంచుకోవాల్సి ఉండేది. ముందే అమ్మేస్తే తీసుకున్నదాంట్లో కొంత తిరిగి కట్టాల్సి వచ్చేది. ఏడాదికే స్వదేశానికి వచ్చేద్దామనుకునేవాళ్లు ఇది చూసుకోవాల్సి వచ్చేది.

మన దేశంలోనూ రెండు రకాలూ కనిపించాయి: కొన్నాక చేతికిచ్చేది, అసలు వసూలే చేయనిది. గుజరాత్ 2021 విధానం కారుకు బ్యాటరీ సామర్థ్యాన్ని బట్టి కిలోవాట్ అవర్‌కు 10,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా లక్షన్నర, రిజిస్ట్రేషన్ అయ్యాక నేరుగా ఖాతాలో వేసే పద్ధతి. ఢిల్లీ 2020 ఆగస్టు విధానంలో కారుకు అదే లక్షన్నర, కానీ మొదటి 1,000 కార్లకే. టూవీలర్ల సబ్సిడీలు ఆ తర్వాతా నడిచాయి, వాటి బకాయిల గొడవ హైకోర్టు దాకా వెళ్లింది.

తెలంగాణలో ఇలా ఎదురుచూసే పని పడలేదు. ప్రభుత్వం ఉదారంగా ఎక్కువిచ్చిందని కాదు, అసలు డబ్బే చేతులు మారలేదు. 2020 అక్టోబరు విధానం లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. అప్పట్లో మొదటి 5,000 కార్లకు అనే హద్దు ఉండేది. 2024 నవంబరు 18 నుంచి ఆ హద్దు తీసేసి, రాష్ట్రంలో కొని రాష్ట్రంలోనే రిజిస్టర్ చేసే వాహనాలన్నిటికీ 2026 డిసెంబరు 31 దాకా నూరు శాతం మాఫీ అన్నారు. ఆ రోజుకు 10 నుంచి 20 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతం. 15 లక్షల కారుకు 2,55,000 రూపాయలు. రిబేటు లెక్కలో చూస్తే కాలిఫోర్నియా అప్పట్లో ఇచ్చిన 2,500 డాలర్ల కన్నా ఎక్కువే. అయినా దానికి దరఖాస్తు లేదు, వరుస లేదు, చెక్కు లేదు. షోరూంవాళ్లు వేసే ఆన్‌రోడ్ లెక్కలో ట్యాక్స్ గడిలో సున్నా ఉంటుంది, అంతే.

ఖజానా నుంచి తీసి ఇవ్వాలంటే ముందు ఖజానాలో ఉండాలి, కేటాయింపు కావాలి, ఆడిట్ కావాలి. వసూలు చేయకుండా వదిలేయడానికి ఇవేవీ అక్కర్లేదు. ఆ ఏడాది ఎన్ని కోట్లు వదులుకున్నదీ బడ్జెట్‌లో పెద్దక్షరాలతో కనిపించదు కాబట్టి దానిమీద తగువు కూడా తక్కువ. రాష్ట్రం వైపు నుంచి చూస్తే ఇందులో ఒక ప్రమాదం ఉంది: కోటీశ్వరుడి ఖరీదైన కారుకు ఇంకా ఎక్కువ శాతం మాఫీ అవుతుంది. న్యూజెర్సీ కూడా అమ్మకం పన్ను మాఫీని ఇలాగే చాలా ఏళ్లు ఇచ్చి, 2024 అక్టోబరు 1 నుంచి సగం పన్ను, 2025 జులై 1 నుంచి పూర్తి 6.625 శాతం వేయడం మొదలుపెట్టింది.

మా బావమరిది చెక్కు 2020 సంక్రాంతి వెళ్లాక వచ్చింది. కొన్న తేదీ డిసెంబరు మార్పులకు ముందుది కాబట్టి 2,500కి 2,500. ఈలోపు వాళ్లు ఇల్లు మారారు, దరఖాస్తులో చిరునామా మార్చడం మావాడికి తట్టలేదు. పాత అపార్ట్‌మెంట్‌లో దిగిన కుర్రాడు మనవాడే, గుంటూరువాడు. తెల్ల కవరు చూసి ఏదో క్రెడిట్ కార్డు ప్రకటన అనుకుని వారం రోజులు షూ స్టాండు మీద పడేశాడట. చెత్తబుట్టలో వేయబోతూ పైన పేరు చూసి ఫోన్ చేశాడు: "అన్నా, ఇంటిపేరు చివర్న ఉంది, ఇది మీదేనా?"